టాస్క్‌బార్‌లో తెలియని ఐకాన్ కనిపిస్తే: అది ఎవరిదో తేల్చుకోవడం ఎలా

"కింద కుడివైపు ఏదో చిన్న బొమ్మ వచ్చింది, వైరసా?" అని అడిగేవాళ్లకు కొదవ లేదు. ప్రశ్నతో పాటు ఫొటో ఒకటి వస్తుంది. అందులో గోరంత బొమ్మ, అదీ మసకగా. చూసి చెప్పమంటారు. చాలాసార్లు చెప్పవచ్చు కూడా. కానీ బొమ్మను చూసి చెప్పేదంతా ఊహే. ఏ ప్రోగ్రామ్ అయినా తనకు నచ్చిన బొమ్మ పెట్టుకోవచ్చు. మౌస్ ఆనిస్తే కనిపించే పేరు కూడా ఆ ప్రోగ్రామ్ తనకు తాను రాసుకున్నదే. బోర్డు మీద పేరు ఎవరైనా రాయించుకుంటారు, ఇల్లు ఎవరిదో తెలియాలంటే దస్తావేజు చూడాలి. ఐకాన్ విషయంలో దస్తావేజు దాని వెనకున్న ఫైలు. ఆ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉంది, దాని మీద ఎవరి డిజిటల్ సంతకం (తయారుచేసిన సంస్థ ఫైలు మీద వేసే ముద్ర) ఉంది అన్న రెండూ తెలిస్తే పని అయిపోయినట్టే.

కింద చెప్పిన పద్ధతి విండోస్ 10, విండోస్ 11 రెండింటికీ పనికొస్తుంది. తేడా ఉన్నచోట విడిగా చెప్పాను. మీ విండోస్ తెలుగులో ఉంటే మెనూ పేర్లు వేరుగా కనిపిస్తాయి కానీ అవి ఉండే చోటు మారదు.

కావలసినవి

- పది, పదిహేను నిమిషాల తీరిక
- మౌస్ (టచ్‌ప్యాడ్ అయినా సరే, కాకపోతే చిన్న ఐకాన్ మీద నిలకడగా ఆనించడం కాస్త కష్టం)
- ఫైలు పేరు, ఫోల్డర్ రాసుకోవడానికి ఒక కాగితం
- ఏదైనా తీసేయాల్సి వస్తే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్

కొత్తగా ఏ సాఫ్ట్‌వేరూ డౌన్‌లోడ్ చేయనక్కర్లేదు. "తెలియని ఐకాన్లను గుర్తించే ఉచిత టూల్" అంటూ వెబ్‌లో కనిపించేవాటి జోలికి అసలు పోవద్దు. ఉన్న ఒక్క ఐకాన్ సంగతి తేలకముందే ఇంకో రెండు వచ్చి కూర్చుంటాయి.

ఆఫీసు వాళ్లిచ్చిన కంప్యూటరైతే గుర్తించడం వరకే చేయండి, దేన్నీ తీసేయకండి. భద్రతకు, బ్యాకప్‌కు, రిమోట్ నిర్వహణకు సంస్థ పెట్టిన ప్రోగ్రామ్‌లు అందులో ఉంటాయి. వాటి గురించి మీ ఐటీ విభాగాన్ని అడగడమే దారి.

1. ఐకాన్ ఏ భాగంలో ఉందో చూడండి

టాస్క్‌బార్ ఒకే పట్టీలా కనిపించినా అందులో మూడు భాగాలున్నాయి.

మొదటిది స్టార్ట్ బటన్, దాని చుట్టుపక్కల ఉండే విండోస్ సొంత బటన్లు. సెర్చ్, టాస్క్ వ్యూ, విడ్జెట్స్ ఇక్కడివే. ఒకదాని మీద ఒకటి పేర్చిన దీర్ఘచతురస్రాల్లా ఉండేది టాస్క్ వ్యూ. ఎండో మబ్బో బొమ్మతో ఉష్ణోగ్రత చూపించేది విడ్జెట్స్. విండోస్ 10లో దీని బదులు న్యూస్ అండ్ ఇంట్రెస్ట్స్ ఉంటుంది. ఇవేవీ అనుమానించాల్సినవి కావు. వద్దనుకుంటే విండోస్ 11లో సెట్టింగ్స్, పర్సనలైజేషన్, టాస్క్‌బార్ వరుసలోకి వెళ్లి, విండోస్ 10లో టాస్క్‌బార్ ఖాళీ జాగాలో రైట్ క్లిక్ చేసి ఆపేయవచ్చు.

రెండోది పిన్ చేసిన (ఎప్పుడూ కనిపించేలా టాస్క్‌బార్‌కు తగిలించిన) యాప్‌లు, నడుస్తున్న యాప్‌లు ఉండే చోటు. ఐకాన్ కింద గీత ఉంటే ఆ యాప్ నడుస్తున్నట్టు. గీత లేకపోతే అది పిన్ చేసిన షార్ట్‌కట్ మాత్రమే.

మూడోది గడియారం పక్కన ఉండే సిస్టమ్ ట్రే. అడిగేవాళ్లలో ఎక్కువమందిని కంగారు పెట్టేది ఇదే, ఎందుకంటే ఇక్కడ కిటికీ తెరవకుండానే ప్రోగ్రామ్‌లు నడుస్తుంటాయి. పైకి చూస్తున్న చిన్న బాణం నొక్కితే మరికొన్ని బయటపడతాయి. ఆ బాణం ఒకసారి నొక్కి లోపల ఏమున్నాయో చూసుకోండి. మీరు అనుమానిస్తున్నదాని జతగాళ్లు అక్కడే దొరకవచ్చు.

2. మౌస్ ఆనించి ఆగండి, నొక్కకండి

ఐకాన్ మీద బాణాన్ని ఒకటి రెండు సెకన్లు కదపకుండా ఉంచితే చిన్న పెట్టెలో పేరు వస్తుంది. అది అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. ఇక్కడితోనే సగం ప్రశ్నలు తీరిపోతాయి.

మౌస్ ఆనించగానే ఐకాన్ మాయమైతే భయపడకండి. దాని ప్రోగ్రామ్ అంతకుముందే ఆగిపోయింది, బొమ్మను తుడిచే పని మాత్రం మిగిలిపోయింది. మౌస్ వెళ్లగానే విండోస్ ఆ సంగతి గమనించి తుడిచేసింది. ఇలాంటివి మళ్లీ మళ్లీ వస్తుంటే ఏదో ప్రోగ్రామ్ మధ్యలో కుప్పకూలుతోందని అర్థం, అది వేరే సమస్య.

మౌస్‌తో కుదరకపోతే విండోస్ కీ, బి కలిపి నొక్కండి. ఎంపిక ట్రేలోకి వెళుతుంది. బాణం కీలతో ఒక్కో ఐకాన్ మీదికి జరగవచ్చు. బొమ్మ మరీ చిన్నగా ఉంటే విండోస్ కీ, ప్లస్ కలిపి నొక్కితే మాగ్నిఫయర్ వస్తుంది. విండోస్ కీ, ఎస్కేప్ నొక్కితే పోతుంది. చూపు సరిగా ఆననివాళ్లు విండోస్ కీ, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కి నేరేటర్‌ను పెట్టుకుంటే, పైన చెప్పిన విండోస్ కీ, బి పద్ధతిలో జరుగుతూ పోతుంటే అదే పేర్లు పైకి చదువుతుంది. మళ్లీ అవే మూడు కీలు నొక్కితే ఆగుతుంది.

తరచూ కంగారు పెట్టే విండోస్ సొంత ఐకాన్లు

ముందుకు వెళ్లే ముందు మీది వీటిలో ఏదైనా అవుతుందేమో చూడండి.

డాలు బొమ్మ విండోస్ సెక్యూరిటీ. ఆకుపచ్చ టిక్ ఉంటే అంతా బాగున్నట్టు, పసుపు త్రికోణం ఉంటే మీరు ఏదో చూడాల్సి ఉన్నట్టు, ఎర్ర గుర్తు ఉంటే వెంటనే పట్టించుకోవాల్సినట్టు. మబ్బు బొమ్మ వన్‌డ్రైవ్. తెల్ల మబ్బు వ్యక్తిగత ఖాతాది, నీలం మబ్బు ఆఫీసు లేదా చదువుల ఖాతాది. బూడిదరంగు మబ్బుకు అడ్డంగా గీత ఉంటే సైన్ ఇన్ కాలేదని. భూగోళం, దాని మీద అడ్డగీత గుర్తు ఉంటే ఇంటర్నెట్ లేదని. బ్యాటరీ మీద పచ్చటి ఆకు బ్యాటరీ సేవర్. నెలవంక విండోస్ 10లో ఫోకస్ అసిస్ట్, విండోస్ 11లో ఇదే పని చూపించేది గంట బొమ్మ. గుండ్రంగా తిరిగే బాణాల మీద నారింజ చుక్క ఉంటే అప్‌డేట్ పూర్తవడానికి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయమని. యూఎస్‌బీ ప్లగ్గు, పక్కన పచ్చ టిక్ ఉంటే పెన్ డ్రైవ్ లాంటిది ఏదో తగిలించి ఉందని. ప్రింటర్ బొమ్మ వచ్చి పోకుండా అలాగే ఉంటే ప్రింట్ వరుసలో ఏదో ప్రింట్ పూర్తికాకుండా ఆగి ఉందని.

మైక్రోఫోన్ బొమ్మ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. ఏదో యాప్ ఆ క్షణాన మీ మైకు వాడుతున్నప్పుడే అది వస్తుంది. మౌస్ ఆనిస్తే ఏ యాప్ అన్నది పేరుతో సహా చెబుతుంది. మీరు కాల్‌లో ఉంటే సహజమే. కాల్ ఏదీ లేకుండా వస్తే సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో మైక్రోఫోన్ తెరవండి. ఏ యాప్ చివరిసారి ఎప్పుడు వాడిందో అక్కడ తేదీ, సమయంతో ఉంటుంది. అక్కరలేనిదానికి అనుమతి అక్కడే తీసేయండి. లొకేషన్ గుర్తుకూ ఇదే పద్ధతి. అన్ని ఐకాన్ల మధ్య నేను తేలిగ్గా తీసుకోవద్దనేది ఈ రెండింటినే, అవి వైరస్ అని కాదు, ఏ యాప్‌కు ఎందుకు అనుమతి ఇచ్చామో మనం మరిచిపోతాం కాబట్టి.

ఇక కంప్యూటర్‌తో పాటు వచ్చే హార్డ్‌వేర్ ఐకాన్లు. నారింజ రంగు స్పీకర్ రియల్‌టెక్ ఆడియోది. ఆకుపచ్చ కన్ను ఎన్‌విడియా గ్రాఫిక్స్‌ది. ఆవిరి పోతున్న కప్పు జావా అప్‌డేట్‌ది. ఇవి మీరు పెట్టినవి కాకపోయినా డ్రైవర్లతోనో, వేరే సాఫ్ట్‌వేర్‌తోనో వచ్చినవే.

బొమ్మ వీటిలో ఒకదానిలా ఉంది, మౌస్ ఆనిస్తే పేరూ సరిపోయింది, ఆ ఐకాన్ చాలాకాలంగా ఉంది అనుకోండి, ఇక్కడితో ఆపేయవచ్చు. కొత్తగా వచ్చినదైతే కింది మెట్లు కూడా చూడండి.

3. రైట్ క్లిక్ చేసి మెనూ చదవండి

ట్రే ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే 'అబౌట్', 'సెట్టింగ్స్', 'ఎగ్జిట్' లాంటివి వస్తాయి. 'అబౌట్' ఉంటే అందులో ప్రోగ్రామ్ పేరు, వెర్షన్, తయారుచేసినవాళ్ల పేరు ఉంటాయి. 'అప్‌డేట్', 'ఫిక్స్ నౌ', 'క్లీన్' లాంటివి ఈ దశలో నొక్కొద్దు.

రెండో భాగంలోని పిన్ చేసిన ఐకాన్ అయితే ఇంకా సులువైన దారి ఉంది. ఒకసారి రైట్ క్లిక్ చేస్తే ఒక జాబితా లేస్తుంది. అందులో కనిపించే యాప్ పేరు మీద మళ్లీ రైట్ క్లిక్ చేసి 'ప్రాపర్టీస్' ఎంచుకోండి. 'టార్గెట్' అనే గడిలో ఆ షార్ట్‌కట్ ఏ ఫైలును తెరుస్తుందో పూర్తి దారి ఉంటుంది.

ఆ టార్గెట్ గడిని చివరిదాకా చదవండి. గడి చిన్నది కాబట్టి లోపల క్లిక్ చేసి ఎండ్ కీ నొక్కితే చివరి భాగం కనిపిస్తుంది. మామూలుగా అది ఈఎక్స్ఈ (.exe, అంటే ప్రోగ్రామ్‌ను నడిపే) ఫైలు పేరుతో ముగుస్తుంది. బ్రౌజర్ షార్ట్‌కట్‌లో ఈఎక్స్ఈ తర్వాత ఏదో వెబ్‌సైటు చిరునామా తగిలించి ఉంటే, మీరు పెట్టింది కాకపోతే, అది హోమ్‌పేజీని దారి మళ్లించే పాత ఎత్తుగడ. ఆ షార్ట్‌కట్‌ను అన్‌పిన్ చేసి, స్టార్ట్ మెనూలోంచి బ్రౌజర్‌ను మళ్లీ పిన్ చేయండి. ఆ తోక తగిలించిన ప్రోగ్రామ్ ఇంకా ఉండి ఉంటుంది కాబట్టి 7వ మెట్టు తప్పకుండా చూడండి. అయితే ఈఎక్స్ఈ తర్వాత ఏదున్నా తప్పే అనుకోకండి. రెండు చిన్న గీతలతో మొదలై ప్రొఫైల్ పేరో, యాప్ ఐడీయో ఉంటే అది సహజం. బ్రౌజర్‌లోంచి ఏదైనా వెబ్‌సైటును యాప్‌లా ఇన్‌స్టాల్ చేస్తే ఇలాగే రాసి ఉంటుంది. "నేనేమీ ఇన్‌స్టాల్ చేయలేదు, ఐకాన్ వచ్చింది" అనేవాళ్లలో కొందరి కథ ఇదే: అడ్రస్ బార్‌లో 'ఇన్‌స్టాల్' అన్నది ఎప్పుడో నొక్కి మరిచిపోయి ఉంటారు.

పిన్ చేసిన ఐకాన్ ఉత్త తెల్లకాగితంలా మారిపోతే దాని వెనకున్న ప్రోగ్రామ్ ఎప్పుడో తీసేసి ఉంటారు. నొక్కితే ఆ వస్తువు దొరకడం లేదు, తీసేయమంటారా అని విండోస్ అడుగుతుంది. తీసేయండి.

4. పేరు రాకపోతే సెట్టింగ్స్ జాబితా చూడండి

కొన్ని ట్రే ఐకాన్లు మౌస్ ఆనించినా నోరు విప్పవు. వాటి పేర్లు విండోస్ వేరేచోట రాసిపెట్టుకుంటుంది.

విండోస్ 11లో: టాస్క్‌బార్ ఖాళీ జాగాలో రైట్ క్లిక్, 'టాస్క్‌బార్ సెట్టింగ్స్', 'అదర్ సిస్టమ్ ట్రే ఐకాన్స్'.

విండోస్ 10లో: అదే చోట 'టాస్క్‌బార్ సెట్టింగ్స్', తర్వాత 'సెలెక్ట్ విచ్ ఐకాన్స్ అప్పియర్ ఆన్ ది టాస్క్‌బార్'.

ప్రతి బొమ్మ పక్కనా పేరు, ఆన్ ఆఫ్ మీట ఉంటాయి. మీ ఐకాన్‌ను పోలినది దొరికితే మీటను ఒకసారి తిప్పి చూడండి. గడియారం పక్కన అది కనబడి, మాయమైతే అదే మీరు వెతుకుతున్నది. మీటను తిప్పడం వల్ల ప్రోగ్రామ్ ఆగదు, ఐకాన్ బయట కనిపించాలా, బాణం వెనక ఉండాలా అన్నదే మారుతుంది. నిర్భయంగా తిప్పవచ్చు.

ఈ జాబితాలో ఎప్పుడో తీసేసిన ప్రోగ్రామ్‌ల పేర్లు కూడా మిగిలి ఉంటాయి. అక్కడ పేరుందంటే ఆ ప్రోగ్రామ్ ఇప్పటికీ ఉన్నట్టు కాదు.

5. ఐకాన్ వెనకున్న ఫైలును పట్టుకోండి

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్నగా తెరుచుకుంటే 'మోర్ డీటెయిల్స్' నొక్కండి.

'ప్రాసెసెస్'లో మీరు రాసుకున్న పేరు కోసం చూడండి. దొరికితే దాని మీద రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' నొక్కితే ఆ ఫైలున్న ఫోల్డర్ తెరుచుకుంటుంది.

పేరు దొరకకపోతే రెండు ఉపాయాలున్నాయి. ట్రే ఐకాన్‌ను డబుల్ క్లిక్ చేసి దాని కిటికీ తెరవండి. అప్పటిదాకా 'బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెసెస్' కింద ఉన్నది 'యాప్స్' కిందికి వస్తుంది, పైవరుసలో కొత్తగా ఏది వచ్చిందో చూస్తే సరి. లేదా టాస్క్ మేనేజర్‌ను పేర్ల వరుసలో సర్ది పక్కన పెట్టుకుని, ఐకాన్ మెనూలో 'ఎగ్జిట్' నొక్కండి. జాబితాలోంచి ఏది పోయిందో గమనించండి. ఎగ్జిట్ నొక్కడం వల్ల నష్టం ఉండదు, రీస్టార్ట్ చేస్తే మామూలుగా తిరిగొస్తుంది. యాంటీవైరస్‌ను, బ్యాకప్ మధ్యలో ఉన్నదాన్ని మాత్రం ఇలా మూయకండి.

ఇంకాస్త లోతుగా వెళ్లగలిగేవాళ్లకు మైక్రోసాఫ్ట్ వాళ్లదే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అనే ఉచిత టూల్ ఉంది. మైక్రోసాఫ్ట్ 2006లో కొన్న సిస్‌ఇంటర్నల్స్ సంపుటిలోది. అందులో గురి చూసే వృత్తం లాంటి బటన్‌ను పట్టి ఏ కిటికీ మీదికైనా లాగితే ఆ కిటికీ ఏ ప్రాసెస్‌దో చూపిస్తుంది. కావాలంటే మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించుకోండి.

6. ఫోల్డర్, సంతకం చూడండి

దొరికిన ఫైలు మీద రైట్ క్లిక్, 'ప్రాపర్టీస్'. 'డీటెయిల్స్' ట్యాబ్‌లో ఫైలు వివరణ, ఉత్పత్తి పేరు, కాపీరైట్ ఉంటాయి. ఇవి కూడా తయారుచేసినవాళ్లు రాసుకున్నవే కాబట్టి వీటినే సాక్ష్యంగా తీసుకోకండి. 'డిజిటల్ సిగ్నేచర్స్' ట్యాబ్ ఉంటే అందులోని పేరును ఎంచుకుని 'డీటెయిల్స్' నొక్కండి. సంతకం సరిగా ఉందని పైన ఒక వాక్యం ఉండాలి. సంతకం చేసిన సంస్థా, 'డీటెయిల్స్' ట్యాబ్‌లో కాపీరైట్ దగ్గర ఉన్న సంస్థా ఒకటేనా అని చూడండి.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ట్రేలో నారింజ స్పీకర్ ఉంది. టాస్క్ మేనేజర్‌లో దాని ఫైలు పేరు ఆర్‌టీకే ఎన్‌జీయూఐ 64 అని ఉంటుంది. ఆ పేరు చూస్తే ఎవరికైనా అనుమానమే వస్తుంది. ఫైల్ లొకేషన్ తెరిస్తే సి డ్రైవ్, ప్రోగ్రామ్ ఫైల్స్, రియల్‌టెక్, ఆడియో, హెచ్‌డీఏ. సంతకం రియల్‌టెక్ సెమీకండక్టర్ కార్పొరేషన్‌ది. పేరు గజిబిజిగా ఉన్నా చోటు, సంతకం రెండూ కలిశాయి కాబట్టి సందేహం తీరింది. ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. ఎస్‌వీసీ హోస్ట్ అనే పేరు విండోస్‌లో నిత్యం నడిచేదే, చాలామంది విన్నదే. అదే పేరుతో ఉన్న ఫైలు విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్ 32లో కాకుండా డౌన్‌లోడ్స్‌లోనో, టెంప్ ఫోల్డర్‌లోనో కనిపిస్తే, పేరు ఎంత పరిచయమైనదైనా అది దొంగదే.

ఫోల్డర్లను ఇలా చదవండి:

- ప్రోగ్రామ్ ఫైల్స్: మామూలుగా ఇన్‌స్టాల్ అయినవి. చాలావరకు భయం లేదు.
- విండోస్‌లోని సిస్టమ్ 32: విండోస్ సొంతవి. ఇక్కడ దేన్నీ తొలగించకండి. భాష మార్చే పనిచేసే సీటీఎఫ్‌మాన్ కూడా ఇక్కడిదే, చాలామంది దీన్ని వైరస్ అనుకుంటారు.
- విండోస్ యాప్స్: స్టోర్ నుంచి వచ్చినవి. ఫోల్డర్ తెరవబోతే అనుమతి లేదనడం సహజం.
- యాప్‌డేటా: ఇక్కడే తొందరపడతారు. జూమ్, డిస్కార్డ్ లాంటివి కూడా ఇందులోనే కూర్చుంటాయి, ఎందుకంటే ఇక్కడ ఇన్‌స్టాల్ కావడానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి అక్కర్లేదు. ఆ సౌకర్యాన్నే చెడ్డ ప్రోగ్రామ్‌లూ వాడుకుంటాయి. కాబట్టి యాప్‌డేటా అంటే సంతకం తప్పనిసరిగా చూడాల్సిన చోటు, అంతే.
- టెంప్, డౌన్‌లోడ్స్, అర్థంలేని అక్షరాల ఫోల్డర్: ప్రతిరోజూ నడిచే ప్రోగ్రామ్‌కు ఇక్కడ పనిలేదు. అనుమానించండి.

సంతకం ట్యాబ్ లేకపోతే అది వైరస్ అని తేల్చేయకండి. విండోస్ సొంత ఫైళ్లలో చాలావాటికి సంతకం ఫైలులో కాకుండా వేరే కేటలాగ్‌లో ఉంటుంది, అందుకే నోట్‌ప్యాడ్ లాంటి వాటికి ఆ ట్యాబ్ కనపడకపోవచ్చు. చిన్న చిన్న ఉచిత ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లు సంతకం ఖర్చు భరించక వదిలేస్తారు. సంతకం లేదు, చోటూ వింతగా ఉంది, ఎప్పుడు వచ్చిందో తెలియదు: ఈ మూడూ కలిసినప్పుడే గంట మోగాలి.

అనుమానం మిగిలితే ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌తో స్కాన్ చేయండి. విండోస్ 11లో ఆ వరుస 'షో మోర్ ఆప్షన్స్' కింద ఉండవచ్చు. రెండో అభిప్రాయానికి వైరస్‌టోటల్ సైటు ఉంది, ఇచ్చిన ఫైలును పదుల సంఖ్యలో యాంటీవైరస్ ఇంజన్లతో చూపిస్తుంది. అంతమందిలో ఒకరిద్దరు మాత్రమే ఎర్రజెండా ఎత్తితే అది పొరపాటు కావచ్చు. ఒక జాగ్రత్త: అక్కడ పెట్టిన ఫైళ్లు భద్రతా సంస్థల చేతికి వెళతాయి. ప్రోగ్రామ్ ఫైళ్లే పెట్టండి, సొంత పత్రాలు పెట్టకండి.

7. ఎప్పుడొచ్చిందో చూడండి

సెట్టింగ్స్, యాప్స్‌లోకి వెళ్లండి. విండోస్ 11లో 'ఇన్‌స్టాల్డ్ యాప్స్', విండోస్ 10లో 'యాప్స్ అండ్ ఫీచర్స్'. జాబితాను ఇన్‌స్టాల్ తేదీ ప్రకారం సర్దండి. ఐకాన్ కనిపించడం మొదలైన రోజుకు దగ్గరలో ఏమేం వచ్చాయో చూడండి. మీరు కావాలని పెట్టినది ఒకటి, అదే తేదీన మీకు తెలియనివి రెండు మూడు కనిపిస్తే అవి దాని వెంట తోకగా వచ్చినవే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ముందే టిక్ పెట్టి ఉన్న గడులను చదవకుండా 'నెక్స్ట్' నొక్కుతూ పోతే జరిగేది ఇదే.

టాస్క్ మేనేజర్‌లోని 'స్టార్టప్ యాప్స్' కూడా చూడండి, విండోస్ 10లో దాని పేరు 'స్టార్టప్'. అక్కడ 'పబ్లిషర్' వరుస ఉంటుంది. అది ఖాళీగా ఉన్నవాటిని ముందు పరిశీలించండి.

8. ఉంచాలా, దాచాలా, ఆపాలా, తీసేయాలా

మంచిదే కానీ అడ్డంగా ఉందనుకుంటే 4వ మెట్టులోని మీటతో దాచేయండి. మంచిదే కానీ ఎప్పుడూ నడవనక్కర్లేదనుకుంటే స్టార్టప్ యాప్స్‌లో రైట్ క్లిక్ చేసి 'డిజేబుల్' చేయండి. ఒకసారికి ఒక్కటే ఆపి, రీస్టార్ట్ చేసి చూడండి. పది ఒకేసారి ఆపితే టచ్‌ప్యాడ్ సైగలు పోయాయనుకోండి, దేనివల్ల పోయాయో తేలదు. అక్కరలేనిదైతే సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితా నుంచి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఫైలును డిలీట్ కీతో తుడిచేయడం అన్‌ఇన్‌స్టాల్ కాదు. మిగతా ముక్కలు అలాగే ఉండి ప్రతి రీస్టార్ట్‌కూ ఎర్రర్ చూపిస్తాయి.

చెడ్డదని తేలితే, లేదా అన్‌ఇన్‌స్టాల్ చేసినా తిరిగొస్తుంటే విండోస్ సెక్యూరిటీలో 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్', 'స్కాన్ ఆప్షన్స్', 'మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్' నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి విండోస్ మొదలవకముందే వెతుకుతుంది, కాబట్టి నడుస్తూ దాక్కునేవి కూడా దొరుకుతాయి. తెరిచిన పనులన్నీ ముందే సేవ్ చేసుకోండి.

రిమోట్ ప్రోగ్రామ్ ఐకాన్ కనిపిస్తే వరుస మారుతుంది

దూరం నుంచి వేరొకరి కంప్యూటర్‌ను చూసి నడిపించడానికి వాడే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి మంచి ప్రోగ్రామ్‌లే. ఫోల్డర్ సరిగా ఉంటుంది, సంతకం సరిగా ఉంటుంది, స్కాన్‌లో ఏమీ రాదు. అయినా మీరు పెట్టకుండా అది మీ ట్రేలో ఉంటే, లేదా "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, మేం బాగుచేస్తాం" అని ఫోన్ చేసినవాళ్లు పెట్టించి ఉంటే, వేరే ఎవరో మీ స్క్రీన్ చూడగలిగే దారి తెరిచి ఉన్నట్టు. పై మెట్లన్నీ పక్కనపెట్టి ముందు ఇంటర్నెట్ తీసేయండి: వైఫై ఆపండి, కేబుల్ ఉంటే పీకేయండి. తర్వాత దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లను వేరే పరికరం నుంచి మార్చండి. ఆ సమయంలో బ్యాంకు సైటు తెరిచి ఉంటే బ్యాంకుకు చెప్పండి. ఆఫ్‌లైన్ స్కాన్ ఆ తర్వాతే.

ఐకాన్ కానిదాన్ని ఐకాన్ అనుకోవడం

"ట్రే నుంచి వైరస్ హెచ్చరికలు లేస్తున్నాయి" అని అడిగేవాళ్లకు ఒక మాట. గడియారం పైన లేచే పెట్టెలన్నీ ట్రే ఐకాన్లవి కావు. చాలాసార్లు అవి బ్రౌజర్ నోటిఫికేషన్లు. ఏదో సైటు 'అలౌ' నొక్కమంటే నొక్కి ఉంటారు, అప్పటినుంచి అది యాంటీవైరస్ బొమ్మ పెట్టుకుని మీకు హెచ్చరికలు పంపుతోంది. పెట్టెలో చిన్న అక్షరాలు చదవండి, బ్రౌజర్ పేరు, సైటు చిరునామా ఉంటాయి. పెట్టెను నొక్కకుండా బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లకు వెళ్లి ఆ సైటుకు ఇచ్చిన అనుమతి తీసేయండి. ఆ పెట్టెలో ఫోన్ నంబరు ఉంటే అది మోసమే. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ సందేశాల్లో ఫోన్ నంబరు ఉండదు.

ఎక్కువగా చేసే తప్పులు

దాచడాన్ని తీసేయడం అనుకోవడం మొదటిది. అన్‌పిన్ చేసినా, బాణం వెనక్కి నెట్టినా ప్రోగ్రామ్ అలాగే ఉంటుంది. ఫైలు పేరు వెబ్‌లో వెతికి పైన వచ్చిన సైటును నమ్మడం రెండోది. ఏ ఫైలు పేరు ఇచ్చినా "ఇది ప్రమాదకరం, మా క్లీనర్ దించుకోండి" అని చెప్పే పేజీలు కుప్పలుగా ఉన్నాయి. ఫలితాల్లో ఆ ప్రోగ్రామ్ తయారుచేసిన సంస్థ సైటే చూడండి. ఇంకొందరు రెండో యాంటీవైరస్ ఇన్‌స్టాల్ చేస్తారు. రెండూ ఒకదాన్నొకటి అడ్డుకుని కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది.

పని అయిందో లేదో పరీక్షించండి

స్టార్ట్ మెనూలోంచి 'రీస్టార్ట్' చేయండి. లాగిన్ అయ్యాక వెంటనే చూడకండి, కొన్ని ప్రోగ్రామ్‌లు నిదానంగా లేస్తాయి. ఐదు నిమిషాలు ఆగి ఈ మూడూ చూడండి: బాణం వెనక కూడా ఆ ఐకాన్ లేదు, టాస్క్ మేనేజర్‌లో ఆ ఫైలు పేరు లేదు, స్టార్టప్ యాప్స్‌లో అది లేదు లేదా 'డిజేబుల్డ్' అని ఉంది. సెట్టింగ్స్ జాబితాలో పాత పేరు మాత్రం కనిపించవచ్చు, దాన్ని వదిలేయండి. మర్నాడు మరోసారి చూడండి, ఎందుకంటే షెడ్యూల్ ప్రకారం లేచేవి రీస్టార్ట్ పరీక్షకు దొరకవు.

ప్రోగ్రామ్ పోయింది, ఐకాన్ ఉన్నచోట ఖాళీ గడి మాత్రం మిగిలితే టాస్క్ మేనేజర్‌లో 'విండోస్ ఎక్స్‌ప్లోరర్' మీద రైట్ క్లిక్ చేసి 'రీస్టార్ట్' నొక్కండి. టాస్క్‌బార్ ఒక క్షణం పోయి తిరిగొస్తుంది. తెరిచిన ఫోల్డర్ కిటికీలు మూసుకుపోతాయి కానీ మీ పనులు పోవు.

ఇంత చేసినా తేలకపోతే ఎవరినైనా అడగండి, కానీ ఒట్టి బొమ్మ ఫొటో పంపకండి. స్నిప్పింగ్ టూల్‌లో 3 సెకన్ల ఆలస్యం పెట్టి, ఆ వ్యవధిలో మౌస్‌ను ఐకాన్ మీద ఆనించి ఉంచితే పేరు కూడా చిత్రంలో పడుతుంది. దానికి తోడు ఫైలు పేరు, ఫోల్డర్ దారి, సంతకం చేసినవాళ్ల పేరు, అది కనిపించడం మొదలైన రోజు రాయండి. ఫోల్డర్ దారిలో మీ యూజర్ పేరు ఉంటే దాన్ని చెరిపేసి పంపండి.